బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది

ఏప్రిల్ 26, 1948. సోమవారం

కారు స్టార్ట్ కాలేదు.

స్టార్టర్ నొక్కితే ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు, అంతే. అవతల డిస్పెన్సరీ గేటు ముందు ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు. నేనేమో సీతాఫల్‌మండి సందులో కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని హ్యాండిల్ తిప్పుతున్నాను. తిప్పేది నేను. చుట్టూ నిలబడి సలహాలు చెప్పేది మగవాళ్ళు.

బ్యాటరీ పని అయిపోయిందని అందరూ ఒప్పుకున్నారు. అది ఎన్నాళ్ళు రావాలన్న దగ్గర పేచీ వచ్చింది. మా ఆయన హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతారు. కారు నడపడం రాదు. జాగ్రత్తగా చూసుకుంటే ఐదేళ్ళు రావాల్సిందేనని బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడి చెప్పారు. ఎదురింటి రిచర్డ్ గారు రైలింజన్లు నడిపి రిటైరైన ఆంగ్లో ఇండియన్. ఈ ఊరి ఎండకి మూడో వేసవి దాటిన బ్యాటరీని తన జన్మలో చూడలేదన్నారు. మా బ్యాటరీకి ఇది మూడో వేసవే. యుద్ధం ఆగిన ఏడాది మిషన్ వాళ్ళు నాకు కారిచ్చినప్పుడు వేసినది.

వాళ్ళు వాదించుకుంటూ ఉండగా నేను నడిచి వెళ్ళిపోయాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంకా వాదించుకుంటున్నారు.

ఏప్రిల్ 29

బ్యాటరీని రిక్షాలో పెట్టుకుని సదాశివ షాపుకి తీసుకెళ్ళాను. స్టేషన్ దగ్గర బ్యాటరీలు ఛార్జ్ చేసేది అతనొక్కడే. మూత తీసి వాసన చూశాడు. ఫలకాలకి తెల్లగా పట్టిందని, ఛార్జ్ చేసిస్తాను గానీ పూచీ లేదని అన్నాడు. కొత్తది కావాలన్నాను. నవ్వాడు. ఇండియన్ యూనియన్ వాళ్ళు సరిహద్దులో సరుకంతా ఆపేస్తుంటే కొత్త బ్యాటరీ ఎక్కడినుంచి వస్తుందట. నిజమే. నాకు క్వినైనే రావడం లేదు.

అసలు ఒక బ్యాటరీ ఎన్నాళ్ళు రావాలి, సరిగ్గా చెప్పమన్నాను.

"రెండేండ్లొస్తది. మూడేండ్లు సుత వస్తది. అంతా దాని నసీబు డాక్టరమ్మా."

మద్రాసులో చదివి డాక్టర్నయ్యాను. ఒక పేషెంటుకి ఇలాంటి జవాబు చెబితే ఊరుకుంటారా?

మే 14

ఇంజెక్షన్లు కలపడానికి డిస్పెన్సరీలో డిస్టిల్డ్ వాటర్ కాచుకుంటాం. బొగ్గులు దొరకని రోజుల్లో మా ఆయా రోసమ్మ కళ్ళు మండించుకుని కాచిన నీళ్ళు. ఇవాళ సీసా ఖాళీ. ఎవరు తీశారని అడిగితే ఈయన ఎంతో వినయంగా, బ్యాటరీలో పోశానన్నారు. కుళాయి నీళ్ళు పోస్తే ఫలకాలు పాడవుతాయట. మనుషులు పాడైతే ఫర్వాలేదా అని అడిగాను. అది కెమిస్ట్రీ అని, తనది ఫిజిక్స్ అని అన్నారు.

జోకు వేశాననుకున్నారు.

జూన్ 20

వాన. కారు ఒక్క నొక్కుకే స్టార్ట్ అయింది. ఇది వార్త కాబట్టి రాస్తున్నాను.

జూలై 9. శుక్రవారం

ఇవాళ రజాకార్లు వచ్చారు. ఖాకీ బట్టల్లో ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ వెనక ఒక పెద్దమనిషి. జులూస్ తీస్తున్నారట, ఊరేగడానికి కారు కావాలన్నారు. డాక్టర్ కారు, ఇవ్వనన్నాను. పెద్దమనిషి మర్యాదగానే, అడగడం లేదు, చెబుతున్నామన్నాడు. తాళం ఇచ్చేశాను.

ఒక కుర్రాడు ఎక్కి స్టార్టర్ నొక్కాడు. గొంతు సవరింపు. మళ్ళీ నొక్కాడు. అది కూడా లేదు. హ్యాండిల్ తిప్పి తిప్పి చెమటలు కక్కాడు. బ్యాటరీలో ప్రాణం బొత్తిగా లేకపోతే ఈ కారుకి హ్యాండిల్ కూడా పనికి రాదు, నిప్పురవ్వ పుట్టదు. ఆ సంగతి నేను చెప్పలేదు. ఖటారా బండి అని టైరుని ఒక తన్ను తన్ని వెళ్ళిపోయారు.

రాత్రి భోజనం ముందు ప్రార్థనలో ఈయన బ్యాటరీ చచ్చినందుకు ప్రభువుకి స్తోత్రం చెప్పారు. నేను ఆమెన్ అనలేదు. రేపు మళ్ళీ దాన్ని మోసుకెళ్ళేది నేను.

ఆగస్టు 11

అల్వాల్ వెళ్ళాను. కూరగాయల తోట భద్రయ్య భార్య విజయమ్మకి ఏడో నెల. నొప్పి లేకుండా రెండుసార్లు రక్తం కనబడిందట. ఇదివరకు ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారు. చూశాను. అనుకున్నదే. బిడ్డ మాయ కిందికి దిగి, దారికి అడ్డంగా ఉంది. నొప్పులు మొదలైతే రక్తం ఆగదు. ఆపరేషన్ చేసి బిడ్డని తీయాలి. అది సికింద్రాబాద్ పెద్దాసుపత్రిలో తప్ప కుదరదు.

ఇప్పుడే వచ్చి ఊళ్ళో ఉండమన్నాను. అత్తగారు పడనివ్వలేదు. దారిలో రజాకార్లు, ఊళ్ళో ధరలు, ఆస్పత్రిలో ఎవరు వండి పెడతారని. భద్రయ్య నోరు తెరవడు. ఆవిడ నోరు మూయదు. చివరికి, మంచం మీదనుంచి దిగకూడదని, రక్తం మళ్ళీ కనబడగానే నాకు కబురు చేయాలని ఒప్పించాను. కారేసుకుని నేనే వస్తానన్నాను. ఎద్దుబండి కుదుపులకి ఆ పిల్ల దారిలోనే పోతుంది.

విజయమ్మ నా చెయ్యి పట్టుకుని, కారు తప్పకుండా వస్తది కద అని అడిగింది. వస్తుందన్నాను.

వచ్చేటప్పుడు కారు రెండుచోట్ల ఆగింది.

ఆగస్టు 30

సదాశివ బ్యాటరీని విప్పేశాడు. మూడు గదుల్లో ఒకటి పూర్తిగా చచ్చిందట. పాత లారీ బ్యాటరీలోంచి తీసిన ఫలకాలు అందులో పెట్టి, తారు కరిగించి మూసి, ఛార్జ్ చేసి ఇచ్చాడు. ఎన్నాళ్ళొస్తుందని ఇక అడగలేదు. అయినా చెప్పాడు. ఊకె నొక్కకుంటే దసరా దాకా వస్తుందట.

ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. ఇది విజయమ్మ కోసం. దీన్ని ముట్టుకోవద్దు, మూత తీయవద్దు, నీళ్ళు పోయవద్దు. తలూపారు. ఈయన తల ఊపితే నాకు భయం.

సెప్టెంబర్ 13. సోమవారం

యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందట. పొద్దున్నుంచి విమానాల మోత. స్కూళ్ళు మూసేశారు. కంటోన్మెంటు మీద బాంబులు వేస్తారని ఒకరు, నీళ్ళలో విషం కలిపారని ఒకరు. సందులో సగం మంది మూటలు కట్టుకుంటున్నారు, ఎక్కడికి పోవాలో తెలియకుండానే.

సెప్టెంబర్ 14

మా సందులో కరెంటు లేదు. రేడియో దాని సొంత బ్యాటరీ మీదే నడుస్తుంది. అది నిన్న రాత్రి అయిపోయింది. సదాశివ షాపు మూసి ఉంది.

డిస్పెన్సరీనుంచి వచ్చేసరికి వరండా నిండా జనం. మధ్యలో స్టూలు మీద రేడియో. స్టూలు కింద నా కారు బ్యాటరీ.

నేను అందరి ముందూ కేకలేశాను. వేయకూడదని తెలిసీ వేశాను. ఈయన నన్ను లోపలికి తీసుకెళ్ళి, ఎప్పుడూ లేనిది, మెల్లిగా మాట్లాడారు.

"జనం భయంతోని సస్తున్నరు ప్రేమా. పుకార్లకి పోయి బావుల పడెటట్టున్నరు. నిజమేందో తెలిస్తె జెర నిలవడతరు. రోజుకొక గంట. అంతే."

అది తప్పని అనలేకపోయాను. అదే నా కోపం. ఈయన ఎప్పుడూ పూర్తిగా తప్పు చేయరు.

సెప్టెంబర్ 15

గంటంటే ఫిజిక్స్‌లో వేరే లెక్క ఉన్నట్టుంది.

సెప్టెంబర్ 17. శుక్రవారం

అయిపోయింది. నిజాం సర్కారు కాల్పులు ఆపేసింది. సాయంత్రం రేడియోలో చెప్పారు.

వరండాలో, మెట్ల మీద, గోడ మీద కూడా జనం. వార్త వినగానే ఒకాయన ఏడ్చాడు, ఆ ఏడుపు చూసి ఇంకొకాయన నవ్వాడు. రిచర్డ్ గారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. మూల ఇంటి టైలరు సాయబు ఒక్కడే లేచి, ఇంటికి పోయి తలుపేసుకున్నాడు. ఈయన వెళ్ళి ఆ తలుపు దగ్గర చాలాసేపు నిలబడి వచ్చారు.

రేడియో గొంతు సన్నబడుతూ వచ్చింది. నాకు తెలుసు అది ఏమిటో. ఇంకొకసారి చెబుతారు, ఉర్దూలో అయింది, తెలుగులో వింటామని అందరూ చెవులు రేడియోకి ఆనించారు. నేనూ గుమ్మానికి ఆనుకుని విన్నాను. నాలుగడుగులు వేసి తీగ పీకేయవచ్చు. పీకలేదు.

సెప్టెంబర్ 19. ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

పొద్దున భద్రయ్య సైకిల్ మీద వచ్చాడు. అల్వాల్ నుంచి ఇక్కడిదాకా ఎక్కడా దిగకుండా తొక్కినట్టున్నాడు, మాట రావడం లేదు. తెల్లారగట్ల నుంచి రక్తం పోతోందట.

ఈయన అప్పటికే బ్యాటరీ మోసుకెళ్ళి కారులో బిగించారు. నొక్కాను. ఏమీ లేదు. గొంతు సవరింపు కూడా లేదు. హ్యాండిల్ తిప్పారు, తోశారు, సందు చివరిదాకా పదిమంది తోశారు. ఇంజను నిద్ర లేవలేదు. పాదిరి గారి కారులో పెట్రోలు లేదు. రిక్షావాళ్ళు, జట్కావాళ్ళు అందరూ సైన్యం రాక చూడ్డానికి రోడ్డు మీదికి పోయారు.

నేను ఈయన్ని తిట్టలేదు. టైము లేదు. "ఈ బండి అల్వాల్ రావాలి. ఎట్లా తెస్తారో నాకు తెలియదు" అన్నాను. బ్యాగు తీసుకుని, భద్రయ్య కూరగాయల గంపలు పెట్టుకునే వెడల్పాటి క్యారియర్ మీద కూర్చున్నాను.

రోడ్లన్నీ జనం. జెండాలు, పూలదండలు, డప్పులు. నేను ముందుకి వంగి, దారివ్వండి, దారివ్వండి అని అరుస్తుంటే, నేనూ పండగ చేసుకుంటున్నానని ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు. తీసి పారేయడానికి చెయ్యి ఖాళీ లేదు. భద్రయ్య వీపు తడిసి నా మొహానికి తగులుతోంది. ఎత్తు వచ్చినప్పుడల్లా నేను దిగి, అతను సైకిల్ నెడుతుంటే పక్కన పరిగెత్తాను.

విజయమ్మకి స్పృహ ఉంది. మొహం తెల్లబడింది. బిడ్డ గుండె వినిపించింది, గట్టిగా. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయించాను. గుడ్డలు కుక్కాను. మార్ఫియా ఇచ్చాను. రక్తం తగ్గింది. కారు వస్తే ఇద్దరూ బతుకుతారు. కారు వస్తే అని ఎన్నిసార్లు అనుకున్నానో. అత్తగారు గడపలో కూర్చుని రోడ్డు చూస్తోంది. ఆవిడ నోరు మొదటిసారి మూతబడింది.

మధ్యాహ్నం దాటాక నొప్పులు బలమయ్యాయి. రక్తం మళ్ళీ మొదలైంది, ఈసారి గుడ్డలకి ఆగేలా లేదు. నాడి చేతికి అందడం లేదు.

అలాంటప్పుడు చేసేది ఒక్కటే. లోపల బిడ్డని తిప్పి, కాలు కిందికి లాగితే ఆ తొడ మాయని అదిమి పట్టి రక్తం ఆపుతుంది. తల్లి బతుకుతుంది. బిడ్డ దాదాపు ఎప్పుడూ బతకదు. భద్రయ్యని బయటికి పిలిచి చెప్పాను. అతను నన్ను అడిగిన ప్రశ్న ఒకటే.

"జెరసేపు ఆగితె కారొస్తదా డాక్టరమ్మా?"

తెలియదన్నాను. అతను గోడ వైపు తిరిగి, ఆమెని బతికియ్యమన్నాడు.

చేశాను. రక్తం ఆగింది. కొంచెంసేపటికి బిడ్డ గుండె కూడా ఆగింది. ఆడపిల్ల. నిండుగా ఉంది.

చేతులు కడుక్కుంటుంటే హారన్ వినిపించింది.

తర్వాత రిచర్డ్ గారు చెప్పారు. ఈయన బ్యాటరీని భుజాన వేసుకుని సదాశివ ఇంటికి పోయారు. అతను లేడు. ఊరంతా తిరిగారు. సైన్యం జీపులు సికింద్రాబాద్‌లోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక జీపుకి అడ్డంగా నిలబడి ఇంగ్లీషులో బతిమాలారట. మద్రాసు వైపు మెకానిక్ ఒకతను జీపుని మా సందులోకి తెచ్చి, దాని బ్యాటరీకి తీగలు కలిపి మా ఇంజను లేపాడు. దార్లో ఎక్కడా ఆపవద్దన్నాడట. రిచర్డ్ గారు నడిపారు. రైలు తప్ప కారు నడపని మనిషి.

ఈయన ఇంట్లోకి నవ్వుతూ వచ్చారు. "తెచ్చినం" అన్నారు. యాసిడ్ కారి చొక్కా భుజం మొత్తం చిల్లులు పడింది, లోపల చర్మం ఎర్రగా లేచింది. మెడలో బంతిపూల దండతో ఉన్న నన్ను చూశారు. తర్వాత మూలన చాటలో గుడ్డ కప్పి ఉన్నది చూశారు.

విజయమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తెచ్చాం. ఇంజను ఒక్కసారీ ఆగలేదు. భద్రయ్య రక్తం సరిపోయింది, ఎక్కించారు. బతుకుతుంది.

సెప్టెంబర్ 20

ఈయన భుజానికి మందు రాశాను. ఇద్దరం మాట్లాడలేదు.

అక్టోబర్ 3. ఆదివారం

విజయమ్మని అల్వాల్ దింపారు, చూసొచ్చాను. బస్సులు మళ్ళీ నడుస్తున్నాయి. లేచి కూర్చుంది. అత్తగారు పెరట్లోకి పోయేదాకా ఆగి, నన్ను దగ్గరికి రమ్మంది.

"ఎవ్వరు చెప్తలేరు. మీరన్న చెప్పుండ్రి. ఆడపిల్లనా, పిల్లగాడా?"

ఆడపిల్లన్నాను.

"జుట్టుండెనా?"

ఉంది, ఒత్తుగా ఉందన్నాను. తలూపింది. ఎవరి పోలిక అని కూడా అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పొట్లకాయలు ఇచ్చి పంపింది. బస్సులో అవి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ బిడ్డ కాలు పట్టి లాగిన చేతులు ఇవే. బరువు తెలియలేదు.

అక్టోబర్ 17

రేడియో కనబడడం లేదు. ఈయన టైలరు సాయబుకి ఇచ్చేశారట. అతని కొడుకు హైదరాబాద్ వెళ్ళినవాడు ఇంకా తిరిగి రాలేదు, వార్తలు వింటూ కూర్చుంటున్నాడు. నాతో ఒక మాటైనా చెప్పకుండా ఇచ్చేశారు. ఇదివరకైతే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని.

ఈయన మెల్లిగా నడుస్తున్నారు, మెల్లిగా తలుపు వేస్తున్నారు, పెట్టింది తింటున్నారు. రిచర్డ్ గారు వచ్చి డైనమో గురించి తప్పుగా ఏదో అన్నారు. తప్పని నాకే తెలుసు. ఈయన ఔనౌనన్నారు. లేచి వెళ్ళి నీళ్ళు తాగాను, లేకపోతే అరిచేదాన్ని.

నవంబర్ 10

కొత్త బ్యాటరీ వచ్చింది. సరుకు రైళ్ళు మొదలయ్యాక వచ్చిన మొదటి పెట్టెల్లోది. సదాశివ పూలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బిగించాడు. కారు నవ్వినట్టు స్టార్ట్ అయింది.

ఎన్నాళ్ళొస్తుందని ఈయన్నే అడిగాను, కావాలని. రెండేళ్ళనో ఐదేళ్ళనో, ఫలకాలనో సల్ఫేటనో ఏదో ఒకటి చెబుతారని.

"తెల్వదు" అన్నారు.

పెళ్ళయ్యాక ఈయన నోట ఆ మాట వినడం ఇదే. ఆయన్ని క్షమించానో లేదో నాకు తెలియదు. గుమ్మంలో నిలబడి వింటూ ఊరుకున్నందుకు నన్ను నేను క్షమించుకున్నానో లేదో అసలే తెలియదు. ఈ నిశ్శబ్దం మాత్రం ఇక నావల్ల కాదు.

నవంబర్ 21

విజయమ్మ డిస్పెన్సరీకి తనే వచ్చింది. రక్తం పట్టింది, మొహంలో రంగు వచ్చింది. మళ్ళీ ఎప్పుడు అని అడిగింది. ఏడాది ఆగాలన్నాను. భద్రయ్య బయట సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల వంచాడు. నేనూ వంచాను.

నవంబర్ 28. ఆదివారం

సూదులు, కత్తెరలు ఉడకబెట్టే స్టెరిలైజర్‌లో ఈయన కోడిగుడ్లు ఉడకబెట్టారు. ఒకటి పగిలి లోపలంతా సొన.

అరిచాను. ఎదురింట్లో రిచర్డ్ గారు కిటికీ మూసుకునేదాకా అరిచాను. ఈయన గరిటె పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. కళ్ళ నిండా నీళ్ళు.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఇంకా ఉన్నదా అని అడిగారు.

ఉందన్నాను.